పావలా నవలల దసరా

ఈ దసరా సెలవుల్లో ఇంట్లో ఉన్న పన్నెండేళ్ళ పిల్లాణ్ణి పిలిచి, "అద్దె పుస్తకాల షాపుకెళ్ళి ఒక నవల పట్రా" అని చెప్పి చూడండి. వాడికి అద్దె ఇల్లు తెలుసు, అద్దె కారు తెలుసు, పెళ్ళికి ఒక్క పూట అద్దెకి తెచ్చే షేర్వాణీ కూడా తెలుసు. పుస్తకాన్ని అద్దెకివ్వడమేమిటో మాత్రం అంతుపట్టదు. వివరించబోయిన పెద్దవాళ్ళు కూడా మధ్యలో తడబడతారు. ఆ షాపు ఎప్పుడు మూతపడిందో ఎవరికీ సరిగ్గా గుర్తుండదు. అది ఉన్న చోట మొదట ఎస్టీడీ బూత్ వచ్చింది, తర్వాత సెల్ రీచార్జి బంకు, ఇప్పుడు కర్రీ పాయింట్.

గుంటూరు అరండల్‌పేట కానివ్వండి, హైదరాబాద్ చిక్కడపల్లి కానివ్వండి, నాలుగు వీధులకో అద్దె పుస్తకాల షాపు ఉన్న కాలం ఒకటుంది. 1960ల నుంచి 90ల మొదటిదాకా తెలుగు మధ్యతరగతి చదివిన నవలల్లో ఎక్కువ భాగం కొని చదివినవి కావు, అద్దెకి తెచ్చి చదివినవి. ఆ షాపులకి ఏడాదంతా ఒక ఎత్తు, దసరా నుంచి దీపావళి దాకా ఒక ఎత్తు.

* * *

షాపంటే పెద్దదేం కాదు. ఇంటి ముందుగది, లేదంటే మెట్ల కింద మిగిలిన జాగా. మూడు గోడలకీ నేల నుంచి కప్పుదాకా చెక్క అరలు, వీధి వైపు అడ్డంగా ఒక బల్ల. బోర్డు మీద దేవుడి పేరో, యజమాని కూతురి పేరో, దాని పక్కన 'లైబ్రరీ' అనే మాట. లోపలికి అడుగు పెడితే పాత కాగితం వాసనా, కలరా ఉండల వాసనా కలిసి ముక్కుకి తగిలేవి.

కొత్త నవల షాపులోకి వచ్చిన రోజే దాని అసలు రూపం మారిపోయేది. షాపాయన దబ్బనంతో అంచున చిల్లులు పొడిచి, పురికొసతో బిగించి కుట్టి, దళసరి అట్ట వేసి, పైన ఖాకీ కాగితం అంటించేవాడు. జిగురు ఇంట్లో తయారే. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం కలిపేవాడు. ముఖచిత్రం మీద బాపు గీసిన అమ్మాయి ఎంత అందంగా ఉన్నా ఖాకీ చాటుకి పోవలసిందే. వీపు మీద ఒక నెంబరు, లోపల ప్రతి పాతిక పేజీలకీ ఠప్‌మని ఒక రబ్బరు స్టాంపు. ఆ స్టాంపు ఎప్పుడూ కథ మంచి పట్టులో ఉన్న చోటే, అక్షరాల మీదే పడేది. కుట్టు మరీ లోపలికి పడటంతో ప్రతి పంక్తికీ ఒక కొస కుట్టులోకి పోయేది. అందుకే అద్దె నవలని ఒళ్ళో పెట్టుకుని తీరిగ్గా చదవడం కుదరదు. రెండు చేతులా విరిచి పట్టుకుని చదవాలి.

లెక్కలన్నీ పొడుగాటి రూళ్ళ పుస్తకంలో ఉండేవి. సభ్యుడి నెంబరుకి ఒక పేజీ. పుస్తకం వెల ఎంతో దాదాపు అంత డిపాజిట్ కట్టాలి. అద్దె సాధారణంగా వెలలో పదో వంతు. పది పైసలతో మొదలై పావలాకీ అర్ధరూపాయికీ చేరింది, చివరి రోజుల్లో రెండు మూడు రూపాయలైంది. సాయంత్రం ఐదింటికి తీసుకుంటే మర్నాడు ఐదుకల్లా బల్ల మీద ఉండాలి, ఆలస్యమైతే రెండో రోజు అద్దె. ఈ నియమం ఇంటింటి దినచర్యనే మార్చేసింది. ఒక్క రోజు అద్దెలో ముగ్గురు చదవాలి మరి. రాత్రి అన్నయ్య, తెల్లవారుజామున లేచి అక్క, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక అమ్మ. అక్క సగంలో ఉండగా అన్నయ్య ముగింపు చెప్పేస్తే ఆ పూట ఇంట్లో యుద్ధమే.

* * *

త్రైమాసిక పరీక్షల చివరి పేపరు రాసి బయటికొచ్చిన మధ్యాహ్నంతో సీజను మొదలయ్యేది. షాపాయన దానికి రెండు వారాల ముందు నుంచే సిద్ధమయ్యేవాడు. విజయవాడ ఏలూరు రోడ్డుకి వెళ్ళి కొత్త నవలలు తెచ్చేవాడు. ఆ రోడ్డుకి ఎప్పుడో కార్ల్ మార్క్స్ పేరు పెట్టారు, పుస్తకాల వాళ్ళకి మాత్రం ఈనాటికీ ఏలూరు రోడ్డే. పబ్లిషర్లూ ప్రెస్సులూ బైండింగ్ షెడ్లూ అన్నీ ఆ చుట్టుపక్కలే. బాగా ఆడే పేరైతే రెండు కాపీలు, కొత్త రచయితైతే ఒకటి. పాత పుస్తకాల్లో ఊడిన పేజీలకి జిగురు రాసి, ఇటుక బరువు పెట్టి ఆరబెట్టేవాడు.

సెలవుల్లో గిరాకీ రెండు రకాలు. ఊళ్ళో ఉండేవాళ్ళు రోజూ మార్చుకుంటారు. సొంతూరు వెళ్ళేవాళ్ళు పది రోజులకి సరిపడా కట్ట కట్టించుకుంటారు. ముఖ్యంగా హైదరాబాదులో బతుకమ్మకి పల్లెలకి బస్సెక్కే కుటుంబాలు అదనపు డిపాజిట్ కట్టి సంచీతో పట్టుకెళ్ళేవి. ఆ కట్ట ఊళ్ళో దిగాక పక్కింటి వాళ్ళూ, మేనత్త కూతుళ్ళూ, ఆఖరికి స్కూలు మాస్టారూ అందుకునేవాళ్ళు. తిరిగొచ్చేసరికి ఖాకీ అట్టల మీద సకినాల నూనె మరకలు. షాపాయన ఆ మరక చూసి ఏమీ అనడు. పేజీలు మాత్రం లెక్కపెట్టుకుంటాడు.

మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి మీద అమ్మవారికి సరస్వతీ అలంకారం. ఆ రోజు ఇళ్ళల్లో పిల్లలు పాఠ్యపుస్తకాలూ పెన్నులూ దేవుడి దగ్గర పెట్టేవాళ్ళు. పూజలో పెట్టిన పుస్తకం మళ్ళీ తీసేదాకా చదవకూడదని నియమం. ఇంతటి మేలైన నియమం పిల్లలకి ఇంకెక్కడా దొరకదు. లెక్కల పుస్తకం దేవుడి దగ్గర ఉంది కనక ముట్టుకోవడానికి వీల్లేదు. అద్దె నవల దేవుడి దగ్గర లేదు కనక అభ్యంతరం లేదు. నవమి నాడు ఆయుధపూజకి షాపాయన తన రూళ్ళ పుస్తకానికీ, దబ్బనానికీ, స్టాంపుకీ పసుపూ కుంకుమా పెట్టేవాడు. ఆ ఒక్క పూట షాపు మూత. సంగతి ముందే తెలిసినవాళ్ళు అష్టమి సాయంత్రమే రెండేసి పట్టుకుపోయేవాళ్ళు.

* * *

ఈ వ్యాపారానికి గుండెకాయ అరల్లో లేదు, బల్ల వెనక ఉంది. ఏం చదవాలో చెప్పేది షాపాయనే. ఆయన నవలలు పెద్దగా చదివినట్టు కనపడడు, దినపత్రికలో సినిమా పేజీ చూసుకుంటూ కూర్చుంటాడు. చదివేవాళ్ళని మాత్రం నాడి పట్టి చూసే వైద్యుడిలా చదివేశాడు.

"బాబాయ్‌గారూ, మా అమ్మ ఏదైనా మంచిది ఇమ్మంది."

"పోయినసారి పట్టుకెళ్ళింది నచ్చిందట్రా?"

"ఏడిచిందండి."

"అయితే నచ్చిందన్నమాట. పండగ పూట మళ్ళీ ఏడవడం ఎందుకూ, ఇది పట్టుకెళ్ళు. మీ పిన్నిగారు వచ్చారా ఊరి నుంచి? ఆవిడ 'సెక్రటరీ' మూడుసార్లు చదివారు, నాలుగోసారి అడిగితే అది బయటికెళ్ళిందని చెప్పు."

యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో రాజశేఖరం, జయంతి తెలియని ఇల్లు ఆనాడు అరుదు. 'జ్యోతి' మాసపత్రికలో సీరియల్‌గా వచ్చి, పుస్తకమై, 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా కూడా అయింది. సినిమా వచ్చిందంటే అద్దె షాపులో ఆ నవలకి మళ్ళీ వరస కట్టాల్సిందే. 'మీనా', 'జీవన తరంగాలు' 1973లో తెరకెక్కినప్పుడూ అంతే, యండమూరి 'అభిలాష' 1983లో చిరంజీవితో వచ్చినప్పుడూ అంతే. మల్లాది వెంకట కృష్ణమూర్తి 'రెండు రెళ్ళు ఆరు', 'చంటబ్బాయ్' రెండింటినీ జంధ్యాల ఒకే ఏడాది, 1986లో, సినిమాలుగా తీశాడు. ఆ ఏడాది మల్లాది అర ఖాళీగా ఉండేదని వేరే చెప్పక్కర్లేదు.

షాపాయన లెక్కలో రచయితలకి వేరే వర్గీకరణ ఉండేది. విమర్శకులకి అది తెలియదు. పెళ్ళికాని అమ్మాయిలకి యద్దనపూడి. కాస్త నలిగిన గృహిణులకి మాదిరెడ్డి సులోచన. వాదించుకునే లెక్చరర్లకి రంగనాయకమ్మ. కాలేజీ కుర్రాళ్ళకి యండమూరి, నిద్రపట్టని రిటైర్డు గుమాస్తాలకి కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్. హైస్కూలు పిల్లలకి బైండు చేసిన 'చందమామ', 'బాలమిత్ర'. వాళ్ళకే, వాళ్ళ నాన్నకి తెలియకుండా, మధుబాబు 'షాడో'. సీఐబీ చీఫ్ కులకర్ణి ఎక్కడో శత్రుదేశంలోకి షాడోని పంపిస్తుంటే, ఇక్కడ సాంఘికశాస్త్రం పుస్తకం చాటున తొమ్మిదో తరగతి పిల్లాడు వాడితో పాటు గోడలు దూకుతుండేవాడు. 'ఆంధ్రభూమి' వీక్లీలో సీరియల్‌గా ఊరూవాడా భయపెట్టిన యండమూరి 'తులసిదళం' పుస్తకంగా వచ్చాక దాన్ని రాత్రిపూట చదవలేక పగలు మాత్రమే తెరిచినవాళ్ళున్నారు. పెద్దలు 'క్షుద్ర సాహిత్యం' అని దుమ్మెత్తిపోశారు. రంగనాయకమ్మ దాన్ని కటువుగా విమర్శిస్తూ రాశారు కూడా. షాపాయన ఆ ఇద్దరినీ పక్కపక్క అరల్లోనే పెట్టుకున్నాడు. తగాదా వల్ల ఇద్దరి అద్దే పెరిగింది.

బల్ల కింద ఇంకో రకం పుస్తకాలు ఉండేవి. వాటిని అడిగే పద్ధతీ, ఇచ్చే పద్ధతీ వేరు. ఆ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

* * *

దసరా నవలలదైతే దీపావళి పత్రికలది.

ప్రత్యేక సంచికల ఆనవాయితీ తెలుగులో పాతదే, 'ఆంధ్రపత్రిక' ఉగాది సంచికలు అందుకు తొలి గుర్తులు. కానీ కథలూ నవలలూ చదివే ఇళ్ళల్లో ఎదురుచూపంతా దీపావళి సంచిక కోసమే. చక్రపాణి నడిపిన 'యువ' దీపావళి సంచిక అందులో మహారాణి. మామూలు నెల సంచికకి రెండు మూడింతల లావు, నున్నటి కాగితం మీద వడ్డాది పాపయ్య (వపా) రంగుల బొమ్మలు. 'జ్యోతి' సంచికలో బాపు కార్టూన్లు. వారపత్రికల్లో దీపావళి కథల పోటీ ఫలితాలు. మధ్యమధ్య పట్టుచీరల ప్రకటనలూ మతాబుల ప్రకటనలూ. అద్దె షాపులో ఈ సంచికలకి వేరే రేటు, ఒక్క రోజే గడువు. కొందరు ఇళ్ళల్లో వపా బొమ్మలు కత్తిరించుకుని పటం కట్టించుకునేవాళ్ళు కనక షాపాయన ఆ పేజీల దగ్గర ప్రత్యేకంగా తడిమి చూసేవాడు.

అసలు కత్తెరలకి ఆ రోజుల్లో పని ఎక్కువ. వారపత్రికలో వచ్చే సీరియల్ పేజీలని వారం వారం జాగ్రత్తగా విడదీసి, వరసగా పేర్చి, ముగింపు వచ్చాక బైండు చేయించేవాళ్ళు. అలా పుట్టిన పుస్తకానికి ముఖచిత్రం ఉండదు, పబ్లిషరు ఉండడు, ప్రతి పది పేజీలకీ 'సశేషం' అని ఉంటుంది. వెనక వైపు సగం జోకూ, సగం వంటకమూ ఉచితం. ఏదో ఒక వారం పత్రిక రాకపోతే ఆ నవలలో ఒక ముక్క శాశ్వతంగా గల్లంతు. దీపావళికి ముందు ఇల్లు దులిపేటప్పుడు అటక మీద నుంచి ఈ కట్టలు దిగేవి. దులపడం పక్కనపెట్టి వాటి ముందు చతికిలబడటం ఇంటింటా జరిగేదే.

* * *

కొని చదివే లోకం వేరేగా ఉండేది. విశాలాంధ్ర దుకాణాల్లో మాస్కో నుంచి నేరుగా తెలుగులో అచ్చయి వచ్చిన సోవియట్ పుస్తకాలు, అంత మంచి కాగితం, అంత గట్టి అట్ట ఆ వెలకి ఇంకెక్కడా దొరికేవి కావు. ఉప్పల లక్ష్మణరావు, నిడమర్తి ఉమారాజేశ్వరరావు లాంటివాళ్ళు చేసిన అనువాదాలవి. పుస్తకాల బస్సు ఊళ్ళోకి వచ్చి సంతలో ఆగేది. 1991లో సోవియట్ యూనియనే లేకుండా పోయాక ఆ వెల్లువ ఆగింది. అక్కడ కౌంటరు వెనక నిలబడినవాళ్ళూ సిఫార్సులు చేసేవాళ్ళే, కాకపోతే వాళ్ళది మరో ధోరణి. గోర్కీ 'అమ్మ' చదివించకుండా వదలరు. అద్దె షాపాయనకి మనిషిని మార్చే ఉద్దేశం లేదు, మర్నాడు మళ్ళీ రప్పిస్తే చాలు. ఈ రెండు తలుపులూ తెరిచి ఉన్న ఊళ్ళో పెరిగిన పిల్లలు షాడోతో మొదలుపెట్టి చెహోవ్ దాకా వెళ్ళారు. కొందరు వెళ్ళలేదు. వెళ్ళనివాళ్ళు నష్టపోయారని గట్టిగా చెప్పడం కష్టం.

ఆ రోజుల్ని తలుచుకునేటప్పుడు ఒక సంగతి దాటేయకూడదు. అద్దె వ్యవస్థలో రచయితకి దక్కింది చాలా తక్కువ. షాపాయన ఒక్క కాపీ కొంటే రచయితకి ఒక్క కాపీ రాయల్టీ, అదీ పబ్లిషరు సక్రమంగా ఇస్తే. ఆ కాపీని వందమంది చదివినా, అట్ట మూడుసార్లు మార్చినా రచయిత ఖాతాలో పైసా పెరగదు. అలాగని షాపుల్ని దోషులుగా నిలబెట్టడమూ కుదరదు. పేరున్న నవల అచ్చయితే రాష్ట్రమంతటా ఉన్న ఆ చిన్న షాపులే నమ్మకమైన కొనుగోలుదారులు. అవి పోయాక అచ్చయ్యే నవలల సంఖ్యా, కాపీల సంఖ్యా రెండూ పడిపోయాయి. రంగనాయకమ్మ దీనికి వేరే మార్గం పట్టుకున్నారు. అద్దెకి తెచ్చుకోవలసిన అవసరమే లేనంత తక్కువ వెల పెట్టి తన పుస్తకాలు అమ్మించారు.

స్త్రీలకి ఆ షాపు చేసిన మేలు వేరే లెక్క. నవల కొనడానికి డబ్బు అడగాలంటే ఇంట్లో జవాబు చెప్పుకోవాలి. పావలా మాత్రం కూరల డబ్బుల్లోంచి మిగిలేది. వీళ్ళు చదివారు కాబట్టే రచయిత్రులు ఏలారు, ఎంతగా అంటే మగవాళ్ళు ఆడపేర్లతో రాసేదాకా వెళ్ళింది. అయితే ఆ చదువుకి గుట్టు లేదు. ఎవరి ఇంట్లో ఎవరు ఏం చదువుతున్నారో షాపాయనకి తెలుసు, పుస్తకం మోసుకొచ్చే పిల్లాడికి తెలుసు, దారిలో ఆపి అట్ట తిప్పి చూసిన పొరుగింటావిడకి తెలుసు. కోడలు మరీ ఎక్కువ నవలలు చదువుతోందని కబురు అత్తగారి చెవిన పడటానికి సాయంత్రం దాకా ఆగక్కర్లేదు. ఇవాళ ఫోనులో ఏం చదువుతున్నారో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ స్వేచ్ఛని తక్కువ చేసి చూడలేం.

పోయింది ఇంకొకటి: పేజీ అంచుల్లో నడిచే సంభాషణ. పెన్సిలుతో ఒకరు "వీడికి ఇలాగే కావాలి" అని రాస్తే, కింద ఇంకొకరు "నీకు పెళ్ళయిందా?" అని అడిగేవాళ్ళు. డిటెక్టివ్ నవల పదో పేజీలోనే ఎవరో పుణ్యాత్ముడు ఒక పేరు చుట్టూ సున్నా చుట్టి "హంతకుడు" అని రాసిపెట్టేవాడు. తీరా చివరికి వెళ్తే అది అబద్ధం.

* * *

మూత ఒక్కసారిగా పడలేదు. మొదట టీవీ ఆదివారాల్ని తీసుకుంది. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాక మధ్యాహ్నాలూ సాయంత్రాలూ పోయాయి. సీరియల్ అనే మాట అప్పటిదాకా పత్రికలది, అక్కడి నుంచి అది టీవీ సొంతం. పత్రికలూ ఒకటొకటిగా తప్పుకున్నాయి. 'ఆంధ్రపత్రిక' 1991లోనే ఆగింది. ప్రతి నెలా ఒక పూర్తి నవల ఇచ్చిన 'చతుర', దాని జంట 'విపుల' 1978 నుంచి నడిచి 2021లో ఆగిపోయాయి. అద్దె షాపాయన కొడుక్కి ఉద్యోగం వచ్చింది, ఆయనకి కళ్ళు మసకబారాయి. సరుకంతా తూకానికి వెళ్ళింది. అందులో కొంత ఆదివారాలు హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద తేలింది. ఇప్పటికీ అక్కడ పాత నవల తెరిస్తే ఏదో ఊరి లైబ్రరీ ఊదారంగు స్టాంపు పలకరిస్తుంది.

పుస్తకాల సీజను దసరా నుంచి రెండు మూడు నెలలు అవతలికి జరిగింది. విజయవాడలో 1989లో మొదలైన పుస్తక మహోత్సవం జనవరిలో, హైదరాబాద్ బుక్ ఫెయిర్ మామూలుగా డిసెంబరులో. దసరా ఇప్పుడు సినిమా విడుదలలదీ బట్టల షాపులదీ. పుస్తకాల కరువేం లేదు, నిజానికి ఇన్ని ఎప్పుడూ లేవు. ప్రెస్ అకాడమీ పాత పత్రికల్ని స్కాన్ చేసి పెట్టింది. ఒకప్పుడు పత్రిక రాని వారం వల్ల గల్లంతైన సీరియల్ ముక్క కొందరికి అలాగే మళ్ళీ దొరికింది. ప్రతిలిపి లాంటి చోట్ల స్త్రీలు వేల సంఖ్యలో తామే సీరియల్స్ రాస్తున్నారు, భాగం భాగానికీ పాఠకులు వ్యాఖ్యలు పెడుతున్నారు. వాటిలో కొన్ని అచ్చం ఆ పెన్సిలు రాతల్లాగే ఉంటాయి.

యద్దనపూడి 2018లో కన్నుమూశారు. ఆవిడ నవలలు ఇంకా ముద్రణలోనే ఉన్నాయి. పుస్తక ప్రదర్శనల్లో ఎమెస్కో స్టాలు దగ్గర అరవై దాటిన ఆడవాళ్ళు వాటిని నాలుగేసి, ఐదేసి ఏరుకుంటూ కనపడతారు. ఎప్పుడో చదివేసినవే. అప్పట్లో మర్నాడు ఐదింటికల్లా తిరిగి ఇచ్చేసినవి. బిల్లు వేసే కుర్రాడు యాప్‌లో డిస్కౌంటు ఉందంటాడు. వాళ్ళు వినిపించుకోరు, ముందు ముఖచిత్రం చూసుకుంటారు, ఖాకీ కాగితం లేకుండా.